ఆవకాయతో పాటు ఈ ఉత్తరం

చిట్టితల్లీ,

ఆవకాయ కొరియర్‌లో వేశాను. జాడీ మూతకి టేపు గట్టిగా చుట్టాను, విప్పేటప్పుడు చెయ్యి జాగ్రత్త. తాతయ్య కంటి చుక్కలు మళ్ళీ మానేశారు, చెప్తే వినరు.

చిన్నత్త ఫోన్ చేసింది. నీ పేరుతో ఇన్‌స్టాలో రిక్వెస్ట్ వచ్చిందట, ఒప్పుకోగానే ఐదు వేలు పంపమని మెసేజ్. పెట్టిన ఫొటో అన్నవరం మెట్ల మీద దిగింది. అది నువ్వు ఎక్కడా పెట్టలేదు, నువ్వు ఇష్టపడిన ఆ అబ్బాయికే పంపావు. పండగ దగ్గర్నుంచీ ఫోన్ ఎత్తనిది ఇందుకేనా?

నిన్నేమీ అనను. కోపంలో ఆ అకౌంట్ బ్లాక్ చేసి చాట్ మాత్రం తుడిచెయ్యకు. మా ఆఫీసుకొచ్చిన ఒక పిల్ల అదే చేసింది. స్క్రీన్‌షాట్లు దాచింది గానీ బొమ్మ వరకే కత్తిరించింది, యూజర్‌నేమ్ లేదు, తేదీ లేదు. ఈలోగా ఆ పిల్ల పేరుతో అకౌంట్ నడిపిన పాత స్నేహితుడు యూజర్‌నేమ్ మార్చాడు, పాత లింకు నొక్కితే ఏమీ రాలేదు. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి ఫోన్లో పూర్తి స్క్రీన్, ప్రొఫైల్ లింకు దొరికాకే ఫిర్యాదు కదిలింది. ఆ అకౌంట్ తీసేశారు, ఇంకోటి లేచింది. ఈసారి అందులో ఆ పిల్ల స్నేహితురాలితో వాట్సాప్‌లో అనుకున్న మాటలున్నాయి! బాగున్న రోజుల్లో వాడి ల్యాప్‌టాప్‌లో తెరిచిన వాట్సాప్ అలాగే ఉండిపోయింది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చింది, వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైసెస్ చూడలేదు.

రాత్రిళ్ళు అన్నం తింటున్నావా? మ్యాగీ అని మాత్రం చెప్పకు.

నువ్వు ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చు, మిగతావన్నీ దాని మీదే తిరిగొస్తాయి. రికవరీ నంబర్ నీదేనా చూడు. తెలియని పరికరాలన్నిట్లోంచీ సైనవుట్ చెయ్యి, వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టు, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆపు. తర్వాత లింకు, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు. చిన్నత్తనీ తన ఫోన్లో చాట్ ఉంచమన్నాను. అవి దాచాకే ఇన్‌స్టాలో ఇంపర్సనేషన్ (వేరొకరిలా నటించడం) కింద రిపోర్ట్ కొట్టు. వాళ్ళు తీసేసినా, 2021 ఐటీ రూల్స్ ప్రకారం 180 రోజులు ఆ వివరాలు ఉంచాలి.

అతనికి "ఇక నన్ను సంప్రదించవద్దు" అని ఇదివరకు రాసి ఉంటే అది చాలు. లేకపోతే ఒక్కసారి రాసి ఊరుకో. తిట్టకు, బెదిరించకు. వద్దని స్పష్టంగా తెలిపాక కూడా వెంటపడితేనే కదా భారతీయ న్యాయ సంహితలో వెంటపడి వేధించడం మీదున్న సెక్షన్ 78 బలంగా నిలబడేది. నీ పేరుతో నటించి డబ్బడగడం ఐటీ చట్టం 66డి, మూడేళ్ళ దాకా జైలు. ఫిర్యాదులో అతని మీద అనుమానం అనే రాయి, ఆ ఫొటో ఎవరికి పంపావో రాయి. తేల్చడం పోలీసుల పని.

సైబర్‌క్రైమ్ పోర్టల్లో కొన్ని రకాల ఫిర్యాదులు పేరు లేకుండా ఇవ్వొచ్చు గానీ నువ్వు పేరుతోనే ఇవ్వు, అప్పుడే ఎంతవరకొచ్చిందో చూసుకోగలవు. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే వాళ్ళు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. స్టేషన్‌కి వెళ్ళడానికి బెరుకైతే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ రక్షణ కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి.

మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పమంటే చెప్తాను. శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను, ఫిర్యాదు కాగితం కలిసి రాద్దాం. ఈలోగా ఫోన్ రీసెట్ చెయ్యకు, అమ్మకం పెట్టకు. నేను చేస్తే ఎత్తు.

అమ్మ