అమ్మ లేని ఆడపిల్ల ఎవరిని చూసి పెరుగుతుంది?

పిల్లల ఇంటి పెద్దలందరికీ నమస్కారం.

క్వార్టర్లీ పరీక్షల టైమ్‌టేబుల్ వెనక పేజీలో ఉంది. ఈ నెల ఉత్తరం మాత్రం ఒక్క విషయానికే. మన బడిలో దాదాపు ప్రతి తరగతిలోనూ అమ్మ లేని ఆడపిల్లలు ఉన్నారు. కొందరిని నాన్న ఒక్కరే పెంచుతున్నారు. కొందరు నాయనమ్మ దగ్గరో మేనత్త దగ్గరో ఉంటున్నారు. ఈ ఉత్తరం ఆ ఇళ్లకి మాత్రమే కాదు, ఆ పిల్లల పక్క బెంచీలో కూర్చునేవాళ్ల అమ్మలకి కూడా.

ఆరు, ఏడు తరగతులకి వచ్చేసరికి ఆడపిల్లలు పెద్దవాళ్లని బాగా గమనిస్తారు. టీచరు కోపాన్ని ఎలా ఆపుకుంది, బస్సులో ఎవరో మీద పడుతుంటే కండక్టరమ్మ ఏమంది, అన్నీ చూస్తారు. అమ్మ ఉన్న పిల్లకి ఇందులో చాలా భాగం ఇంట్లోనే దొరుకుతుంది. నచ్చింది తీసుకుంటుంది, నచ్చకపోతే పోట్లాడుతుంది. అమ్మ లేని పిల్ల వెతుక్కోవాలి. ఒకే టీచరు చుట్టూ తిరుగుతూ చివరికి చేతిరాత కూడా ఆ టీచరులాగే మార్చేసుకున్న పిల్లలని మేం చూశాం. నోట్సు కోసమని స్నేహితురాలి ఇంటికి వెళ్లి, వంటింటి గుమ్మం దగ్గరే గంటసేపు నిలబడి వాళ్లమ్మతో కబుర్లు చెప్పే పిల్లలూ ఉన్నారు. దాన్ని అతి చనువు అనుకోకండి. ఆ ఇంటి అమ్మ మీరే అయితే, రెండు ఉల్లిపాయలు చేతికిచ్చి తరగమని పని చెప్పండి. జాలిపడి స్వీట్లు పెట్టడం కన్నా అదే నయం.

ఆదర్శం అనగానే మేం బడుల్లో చేసే పని గోడలకి గొప్ప మహిళల ఫొటోలు పెట్టడం. మన వరండాలోనూ ఉన్నాయి. ఉండనివ్వండి కానీ, వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. వాటిలో మేరీ క్యూరీ ఫొటో ఒకటి. ఆమెకి పదేళ్లప్పుడు, 1878లో, తల్లి క్షయతో చనిపోయింది. తర్వాత ఆమెకి దారి చూపించింది ఇంట్లోనే ఉన్న అక్క బ్రోనియా. అక్క పారిస్‌లో డాక్టరు చదువు చదువుతుంటే చెల్లెలు డబ్బున్నవాళ్ల ఇళ్లలో పిల్లలకి పాఠాలు చెప్పి డబ్బు పంపింది. ఆ తర్వాత చెల్లెలు 1891లో పారిస్ వెళ్లి అక్క దగ్గరే దిగింది. రెండు నోబెల్ బహుమతుల కథ మొదలైంది అక్కడే. మా పిల్లలకి నోబెళ్ల గురించి తెలుసు, అక్క గురించి ఎవరూ చెప్పలేదు.

అందుకే ఈ ఏడాది శనివారాల్లో మన చుట్టుపక్కల ఆడవాళ్లనే బడికి పిలుస్తున్నాం. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో పనిచేసే నర్సు, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలంపాటలో నిలబడే అమ్మ, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటున్న మన పాత విద్యార్థిని. ఉపన్యాసాలు వద్దని ముందే చెబుతున్నాం. నైట్ డ్యూటీకి ఇంట్లో ఎలా ఒప్పించారు, జీతం ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరైనా నలుగురిలో అవమానిస్తే ఏం చేశారు: పిల్లలు ఇవే అడుగుతున్నారు. ఒక పాప అయితే నేరుగా "మీరు ఎప్పుడు ఏడుస్తారు?" అని అడిగేసింది. నర్సుగారు నవ్వి, డ్యూటీ అయిపోయాక బస్టాపులో అన్నారు.

అలాగే ప్రతి ఆడపిల్లా బడిలో తన కష్టసుఖాలు చెప్పుకోవడానికి ఒక మనిషిని తనే ఎంచుకోవచ్చు అని చెప్పాం. కొందరు టీచర్లని కాక మన ఆయమ్మని ఎంచుకున్నారు. మంచి ఎంపికే, నాకేం అభ్యంతరం లేదు. ఇకనుంచి అమ్మకి గ్రీటింగ్ కార్డు చేసుకురమ్మనే హోంవర్కు కూడా ఉండదు. ఇష్టమైన పెద్దవాళ్లు ఎవరికైనా చేయొచ్చు.

ఇప్పుడు నాన్నలతో. స్టీల్‌ప్లాంటులో సి షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లు, పోర్టులో రాత్రి డ్యూటీలవాళ్లు, బోటు మీద వేటకి వెళితే రోజుల తరబడి తిరిగిరానివాళ్లు మనలో ఉన్నారు. మీ కష్టం మాకు తెలుసు. కానీ "ఆ సంగతులు ఆడవాళ్లు చూసుకుంటారులే" అని మీరు వదిలేస్తే, చూసుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ ఉండకపోవచ్చు. పాప పెద్దమనిషి అయ్యేది సాధారణంగా పది నుంచి పదిహేనేళ్ల మధ్య. అది ముందే తెలియని పిల్ల రక్తం చూసి తనకేదో రోగం వచ్చిందని హడలిపోతుంది. ముందుగానే చెప్పండి. మీకు నోరు రాకపోతే మేనత్తనో పిన్నినో పిలిచి చెప్పించండి, లేదా మా టీచరుతో ఒక మాట అనండి. ప్యాడ్‌లు సరుకుల చీటీలో ఉప్పూ పప్పుతో పాటే రాయండి. నాలుగు నుంచి ఆరు గంటలకి ఒకసారి మార్చుకోవాలని చెప్పండి. మొదటి ఏడాది రెండేళ్లు నెలసరి అటూ ఇటూ అవడం మామూలే. పదిహేనేళ్లు నిండినా రాకపోయినా, వారం దాటి రక్తం పోతున్నా ఘోషా ఆసుపత్రిలో చూపించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందో లేదో కూడా అడగండి. లోపలి బట్టలు కొనడానికి నాన్నతో వెళ్లడానికి పిల్లలు సిగ్గుపడతారు. డబ్బిచ్చి నమ్మకమైన ఆడమనిషిని తోడు పంపండి, చాలు.

"మా ఇంటికి ఇప్పుడు ఇదే అమ్మ" అని కొందరు గర్వంగా చెబుతారు. ఆ పిల్ల పొద్దున్నే లేచి వంట చేసి, తమ్ముడికి తల దువ్వి వచ్చి, మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతుంది. ఇంటిపని నేర్చుకోవడం తప్పు కాదు. కానీ పదమూడేళ్ల పిల్లని అమ్మని చేసేస్తే, ఆ పిల్ల ఇంక ఎవరిని చూసి నేర్చుకుంటుంది?

ఇంటికి కొత్త అమ్మ వస్తే "అమ్మా" అని పిలవమని మొదటి రోజే బలవంతపెట్టకండి. సవతి తల్లి అంటే భయపెట్టే మాటలూ మాట్లాడకండి. మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీకి పసితనంలోనే తల్లి పోతే పెంచి పెద్దచేసింది సవతి తల్లే.

బంధువులకి ఒక మాట. పెళ్లిళ్లలో, పేరంటాల్లో పిల్ల వింటుండగానే "పాపం, తల్లి లేని పిల్ల" అంటారు. అదే పిల్ల కాస్త ఎదురు చెబితే "చెప్పేవాళ్లు లేక ఇలా తయారైంది" అంటారు. రెండూ మానేయండి. మా స్టాఫ్‌రూమ్‌లోనూ ఇదే చెప్పాను.

ఆప్యాయత కోసం వెతికే పిల్లని మోసం చేయడం తేలిక. ఫోన్లో పరిచయమై "నన్ను అక్క అనుకో" అనేవాళ్లు నిజంగా ఎవరో తెలియదు. చనువు చూపించే పెద్దవాళ్లు ఎవరైనా సరే, "ఇది ఇంట్లో చెప్పకు" అన్నారంటే అక్కడే ఆగిపోవాలని, మీకో మాకో చెప్పాలని పిల్లలకి నేర్పండి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది. రెండు నంబర్లూ డైరీ మొదటి పేజీలో రాయించాం, ఒకసారి చూడండి.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పదింటికి ఆరు నుంచి పది తరగతుల ఆడపిల్లల నాన్నలకి బడిలో ఒక గంట సమావేశం ఉంటుంది. అమ్మ ఉన్న పిల్లల నాన్నలూ రావాలి. అమ్మ లేని పిల్లల నాన్నలు మాత్రమే వస్తే వాళ్లు తలెత్తి ఏమీ అడగలేరు. షిఫ్టులో ఉండి రాలేనివాళ్లు క్లాస్ టీచరుకి ఫోన్ చేస్తే సాయంత్రం ఆరు తర్వాత విడిగా మాట్లాడతాం. శనివారం బడికి వచ్చి తమ పని గురించి పిల్లలకి చెప్పగలిగిన అమ్మలు, అత్తలు, అక్కలు ఆఫీసులో పేరు రాయించండి. ఏ పని చేసేవాళ్లయినా సరే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు