పంచ్‌లో పిడిగుద్దు లేదు

అయ్యా,
పార్టీల్లో పెద్ద గిన్నెలో కలిపి గ్లాసుల్లోకి వంచే ‘పంచ్’కి, అది కొట్టే దెబ్బను బట్టే ఆ పేరొచ్చిందని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. చదివి నవ్వొచ్చింది. పిడిగుద్దుకీ దానికీ సంబంధం లేదండీ. మన ‘పంచ’, అంటే ఐదు, అందులోంచి పుట్టిందనేది ఎక్కువమంది చెప్పే మాట. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, కాస్త జాజికాయ లాంటి దినుసు: లెక్క సరిపోయిందా? (పంచామృతంతో పోలిస్తే మా అమ్మ ఊరుకోదు.) 1670లలో మన దేశం తిరిగిన ఇంగ్లిష్ వైద్యుడు జాన్ ఫ్రయర్ కూడా ఐదు సరుకుల వల్లే ఆ పేరని రాశాడు. ‘పంచన్’ అనే పీపా పేరే పంచ్ అయిందని వాదించేవాళ్లూ ఉన్నారు. నాకు ఐదు లెక్కే నచ్చుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. ఇంగ్లిష్ రాతల్లో ఈ మాట మొదట కనిపించేది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరంలో. రాసింది రాబర్ట్ ఆడమ్స్. అందుకున్నది పెటపోలిలో ఉన్న వర్తకుడు కోలీ. పెటపోలి అంటే ఎక్కడో కాదు, మన బాపట్ల జిల్లా నిజాంపట్నం! ఆ ఊరి పేరు చెబితే మాకు చేపల హార్బరే గుర్తొస్తుంది. ఈసారి పంచ్ గురించి రాసేటప్పుడు ఈ ముక్క కూడా వేయండి.

— ఒక పాఠకుడు, బాపట్ల