వార్షిక నివేదిక 2024-25: రెండో భాగాల ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

బందరు ప్రేక్షకులం కలిసి నడుపుకుంటున్న మన సంఘం ఈ ఏడాది చేసిన పనులు మీ ముందు పెడుతున్నాను. కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి రెండు పనులు అప్పగించారు. ఏడాదంతా రెండో భాగం సినిమాలే వేయాలన్నది మొదటిది. "మొదటి భాగమే నయం" అన్న మాట మన ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపిస్తుంది కదా, అదెంతవరకు నిజమో కూర్చుని చూద్దామని ఆ తీర్మానం చేశాం. ఆట అయ్యాక వచ్చినవాళ్ల అభిప్రాయాలు వాళ్ల మాటల్లోనే రాసి ఉంచాలన్నది రెండోది. నెలకో ఆట వేయలేకపోయాం. వానలకు రెండు నెలలు, పిల్లల పరీక్షలకు ఒక నెల ఆగిపోయాయి. అభిప్రాయాల పుస్తకం మాత్రం నిండిపోయింది. రెండోది కొనాల్సి వచ్చింది.

ఈ నివేదికలో ఎక్కువ భాగం డిసెంబరు ఆట గురించే ఉంటుంది. మిగతా ఆటలకు ఒక్కోదానికి ఒకటి రెండు పేజీల అభిప్రాయాలు వస్తే, ఆ ఒక్క సాయంత్రానికి సగం పుస్తకం పట్టింది.

ఆ రోజు వేసిన సినిమా ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్: డెడ్ మ్యాన్స్ చెస్ట్’. 2003లో వచ్చిన సముద్రపు దొంగల కథకు 2006 జులైలో వచ్చిన రెండో భాగం ఇది. దర్శకుడు గోర్ వెర్బిన్‌స్కీ. అమెరికాలో మొదటి మూడు రోజుల్లోనే 13.5 కోట్ల డాలర్లు వసూలు చేసి తొలి వారాంతపు వసూళ్లలో అప్పటి రికార్డు దాటింది. ప్రపంచం మొత్తం మీద 100 కోట్ల డాలర్లు దాటిన మూడో సినిమా అయింది. విమర్శకులు మాత్రం పొడవెక్కువైందని, కథ చిక్కుపడిందని రాశారు. జనం అంతగా ఎగబడి చూసిన సినిమాలో విమర్శకులకు లోపాలే కనిపించాయంటే, తేడా ఎక్కడుందో మన కళ్లతో చూడాలనిపించి దీన్ని ఎంచుకున్నాం.

ఇంగ్లిషు సంభాషణలు అందనివాళ్ల కోసం పాత రోజుల్లో పాటల పుస్తకంలో వేసినట్టు కథాసంగ్రహం ఒక పేజీలో అచ్చు వేసి పంచాం. ముగింపు రాయలేదు, "తక్కినది వెండితెరపై చూడండి" అని వదిలేశాం. కథ క్లుప్తంగా ఇదీ. జాక్ స్పారో అనే దొంగల నాయకుడు మునిగిపోయిన తన ఓడను పైకి తెప్పించుకోవడానికి డేవీ జోన్స్ దగ్గర అప్పు పడ్డాడు. పదమూడేళ్లు నాయకుడిగా ఉండి, ఆ తర్వాత జోన్స్ ఓడలో నూరేళ్లు ఊడిగం చేయాలని ఒప్పందం. గడువు తీరింది. జోన్స్ మనిషి రూపం పోయినవాడు. ముఖం ఆక్టోపస్‌ది, గడ్డం వెంట్రుకలన్నీ కదిలే కాళ్లు. ఒక చెయ్యి పీత డెక్క. ప్రేమించిన స్త్రీ వల్ల కలిగిన బాధ భరించలేక తన గుండెను తానే కోసి తీసి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ పెట్టె ఎవరి చేతికి చిక్కితే జోన్స్ వాళ్ల మాట వినాల్సిందే.

ఆ రోజు హాలు నిండింది. గిలకలదిండి నుంచి చేపల వేటకు వెళ్లే కుటుంబాలవాళ్లు కూడా చాలామంది వచ్చారు. వాళ్లు రావడం నాకు చాలా సంతోషం కలిగించింది, ఎందుకంటే సముద్రం మీద సినిమా చూస్తున్నప్పుడు సముద్రం తెలిసిన కళ్లు హాల్లో ఉండాలి. జోన్స్ ఓడ నీళ్లలోంచి పైకి లేవగానే వాళ్లలో ఒక పెద్దాయన గట్టిగా, "అది అడుక్కి పోయిన ఓడ, చూడండి, పెంకులెలా పట్టాయో" అన్నారు. జోన్స్ మనుషుల ఒంటి మీద పెంకులు, నాచు, నక్షత్ర చేప, ఒకడికి సుత్తి సొర తల. నూరేళ్ల ఊడిగంలో ఒళ్లు కొంచెం కొంచెంగా సముద్రమై, చివరికి ఓడ గోడలో కలిసిపోవడం వాళ్ల శిక్ష. ఒక ముసలివాడు గోడలోంచి ముఖం బయటికి పెట్టి మాట్లాడినప్పుడు పిల్లలు అమ్మల చెయ్యి పట్టుకున్నారు. "పెయింటు వేయకపోతే మా పడవకీ ఇలాగే పడుతుంది. మనిషికి పట్టడం చూస్తే ఒళ్లు జలదరించింది" అని ఆ పెద్దాయన తర్వాత రాయించారు.

క్రాకెన్ అనే సముద్రపు భూతం సరుకు ఓడను చుట్టేసే సమయానికి కరెంటు పోయింది. హాలు వాళ్లు జనరేటరు ఉందన్నారు కానీ అది స్టార్ట్ కాలేదు. ముప్పావు గంట చీకట్లో కూర్చున్నాం. ఈ అసౌకర్యానికి కార్యవర్గం తరఫున క్షమాపణ చెబుతున్నాను. కానీ ఆ ముప్పావు గంటలో జరిగింది చెప్పకపోతే ఈ నివేదికకు అర్థం లేదు.

పిల్లలు గోల చేస్తుంటే, ముందు వరసలో కూర్చున్న మామ్మగారొకరు, "కథే కదా కావాలి, నేను చెబుతా రండి" అన్నారు. ఫోన్ల టార్చి వెలుగులో అందరం ఆమె చుట్టూ చేరాం. "ఇదేం కొత్త కథా? మన మాయల ఫకీరే. వాడి ప్రాణం చిలకలో, వీడి గుండె పెట్టెలో" అని బాలనాగమ్మ కథ ఎత్తుకున్నారు. ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోవడం, ఆమె నోము పేరు చెప్పి ఏళ్ల తరబడి వాణ్ణి దూరంగా ఉంచడం, కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వెతుక్కుంటూ రావడం, ఏడు సముద్రాల అవతల చిలకను పట్టుకుని ఫకీరు ప్రాణం తీయడం. మా చిన్నప్పుడు బుర్రకథలో విన్నదే. ఆమె చెబుతుంటే కొత్తగా వింటున్నట్టు విన్నాం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: "మామ్మా, ఫకీరు చావకుండా ఉండటానికి ప్రాణం దాచుకున్నాడు. జోన్స్ బాధ పడకుండా ఉండటానికి గుండె దాచుకున్నాడు. రెండూ ఒకటేనా?" మామ్మగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాదమ్మా. ఫకీరు మీద నాకు జాలి లేదు. వీడి మీద ఉంది" అన్నారు.

కరెంటు వచ్చాక సినిమా వేరేలా కనబడింది. జోన్స్ తెర మీద కనిపించినప్పుడల్లా, ఇందాక ఈలలు వేసిన కుర్రాళ్లు కూడా కదలకుండా చూశారు. రెండో భాగంలో విలన్ అంటే మొదటి విలన్ కన్నా పెద్దగా, ఎక్కువ గోలగా ఉంటే చాలనుకుంటారు చాలామంది నిర్మాతలు. ఈ ఏడాది మనం వేసిన ఆటల్లో జనం మర్చిపోయిన విలన్లందరూ అలాంటివాళ్లే. జోన్స్‌కు పోగొట్టుకున్నది ఉంది, తప్పనిసరిగా పాటించాల్సిన కట్టు ఉంది. పదేళ్లకొక్క రోజే నేల మీద కాలు పెట్టగలడు. పుస్తకంలో సగానికి పైగా పేజీల్లో హీరో కన్నా ముందు అతని పేరే రాశారు. నా అభిప్రాయమూ అదే.

ఆ రూపం ఎలా తయారైందన్న దాని మీద పెద్ద వాదన జరిగింది. మేకప్ అని కొందరు, కంప్యూటర్ పని అని కొందరు. నటుడు బిల్ నై సెట్‌లో గుర్తులు అతికించిన బూడిద రంగు దుస్తుల్లో నటించారు. ఆ కదలికల మీద ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లు కంప్యూటర్‌లో ముఖం, గడ్డం, ఒళ్లు కట్టారు. ఆ పనికి ఆస్కార్ వచ్చింది. సినిమా వచ్చిన కొత్తలో అమెరికాలోనూ కొందరు విమర్శకులు అది మేకప్పేనని పొరబడ్డారు. కనుక మేకప్ అని పట్టుబట్టిన మన సభ్యులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

తండ్రీ కొడుకుల భాగం గురించి ప్రత్యేకంగా రాయాలి. హీరో విల్ టర్నర్ తండ్రి జోన్స్ ఓడలో చిక్కుకున్న నావికుడు. కొడుక్కి కొరడా దెబ్బలు పడే చోట, ఓడ సరంగు కొడితే ఎముక మీద మాంసం మిగలదని తండ్రే కొరడా తీసుకుని కొడతాడు. తర్వాత పాచికల ఆటలో కొడుకు తన ప్రాణం ఒడ్డితే, తండ్రి మధ్యలో దిగి కావాలని ఓడిపోయి, శాశ్వతంగా ఆ ఓడకే అంకితమవుతాడు. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ వైపు అయినవాళ్లను పోగొట్టుకున్న ఒక సభ్యురాలు ఆట అయ్యాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆమె చెప్పినది నేనే రాసుకున్నాను: "సముద్రంలో పోయినవాళ్లు ఎక్కడో ఇలా కష్టపడుతున్నారంటే తట్టుకోలేను. ఇది ఉత్త కథేనని నాకు ఎవరైనా చెప్పండి." ఆమె పక్కన కూర్చున్నవాళ్లు చెయ్యి పట్టుకుని చెప్పారు. 1864 ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిన ప్రాంతం మనది. దెయ్యాల సినిమా వేసే ముందు మన ఊళ్లో ఎవరు చూస్తారో ఆలోచించుకోవాలని నాకు ఆ రోజు తెలిసింది. ఇకపై ఇలాంటి సన్నివేశాలు ఉంటే కథాసంగ్రహంలోనే ముందుగా రాస్తాం.

చరిత్ర మాస్టారు ఇంకో విలన్ వైపు వేలు చూపించారు. కట్లర్ బెకెట్ అనే ఆ మనిషికి మాయలేవీ రావు. ఈస్టిండియా వర్తక కంపెనీ దొర, చేతిలో కాగితాలు. ఆ కాగితాలతోనే పెళ్లి ఆపి ఇద్దర్ని జైల్లో వేస్తాడు, జోన్స్ గుండె కోసం బేరం పెడతాడు. "1611లో ఇంగ్లిషు కంపెనీ దిగింది మన బందరులోనే. ఇంగ్లీషుపాలెం పేరు చూడండి, వలందపాలెం పేరు చూడండి, వలందులంటే డచ్చివాళ్లే. ఈ సినిమాలో జోన్స్ ఓడ పేరు ఫ్లయింగ్ డచ్‌మన్, ఆ డచ్చివాళ్ల సమాధులు మన ఊళ్లోనే ఉన్నాయి" అన్నారు మాస్టారు. గుడ్‌హోప్ అగ్రం దగ్గర ఏ రేవూ చేరకుండా తిరుగుతూ ఉంటుందని యూరప్ నావికులు చెప్పుకున్న శాపగ్రస్త ఓడ అది. మరుసటి ఆదివారం ఇరవై మంది దాకా పిల్లలు మాస్టారుతో కలిసి సమాధుల తోటకు వెళ్లారు. రాళ్ల మీద చెక్కిన ఓడలు, పుర్రెలు, అక్షరాలు చూసి వచ్చి బొమ్మలు గీశారు. అవి ఆఫీసు గది గోడ మీద ఉన్నాయి, చూడండి.

అందరూ మెచ్చుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. నరమాంస భక్షకుల దీవి సన్నివేశం మీద గట్టి అభ్యంతరాలు వచ్చాయి. పిల్లలు నవ్వారు, జాక్‌ను కర్రకు కట్టి మంట మీదకు తీసుకెళ్లడం వాళ్లకు సరదాగానే ఉంది. ఆ దృశ్యాలు తీసిన డొమినికా దీవిలో కాలినాగో తెగవాళ్లు ఇప్పటికీ ఉన్నారని, తమను మనుషులను తినేవాళ్లుగా చూపించే కథ అని ఆ తెగ పెద్ద షూటింగుకు ముందే అభ్యంతరం చెప్పారని డిగ్రీ చదివే సభ్యురాలొకామె లేచి చెప్పింది. వాళ్లకు యూరప్‌వాళ్లు పెట్టిన కరీబ్ అన్న పేరు నుంచే ఆ సముద్రానికి పేరు వచ్చింది. వాళ్లలో కొందరు ఉపాధి కోసం అదే సినిమాలో చిన్న వేషాలు వేశారు. "డబ్బు తీసుకున్నారు కదా, ఇంకేం?" అని ఒకరంటే, "ఆకలేసినవాడు వేషం వేస్తే అవమానం అవమానం కాకుండా పోతుందా?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేను ఆమె పక్షమే. మన సినిమాల్లో కూడా అడవి మనుషులంటే ఈకలు, బల్లేలు, అర్థం లేని అరుపులు పెట్టడం మనం చిన్నప్పటి నుంచి చూస్తూ నవ్వుతూ వచ్చాం.

దీవి భాగం సాగదీతే అని చాలామంది రాశారు. రెండున్నర గంటల సినిమాలో అసలు జోన్స్ కనిపించడానికే చాలాసేపు పట్టింది. దొర్లే నీటి చక్రం మీద ముగ్గురి కత్తియుద్ధం అందరికీ నచ్చింది, ఎవరు ఎవరి పక్షమో అర్థం కాలేదని మాత్రం పెద్దవాళ్లు అన్నారు. ముగింపు దగ్గర కోపం ఎక్కువ వచ్చింది. జాక్‌ను క్రాకెన్ మింగేయడం, మొదటి భాగంలో చచ్చిపోయాడనుకున్న విలన్ బార్బోసా మెట్లు దిగి రావడం, అంతే, తెర దించేశారు. మూడో భాగాన్ని దీనితోపాటే తీయడం మొదలుపెట్టి 2007లో విడుదల చేశారు కాబట్టి కథను అక్కడ ఆపారు. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం చూసి 2017 దాకా ఎదురుచూసిన మనవాళ్లకు ఈ పద్ధతి తెలియనిది కాదు. అయినా ఒక సభ్యుడు రాసింది నాకు సబబుగా అనిపించింది: "భోజనానికి పిలిచి పప్పన్నం పెట్టి, పెరుగు వచ్చే ఏడాది అన్నట్టుంది."

ఇక మిగతా విషయాలు. చందాలు, ఆట రోజున పెట్టే డబ్బాలో పడినవి కలిపి హాలు అద్దెకు, ప్రదర్శన అనుమతులకు, అచ్చు ఖర్చులకు సరిపోయాయి. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. వచ్చే ఏడాది నుంచి ఆటకు ముందే జనరేటరు నడిపి చూడాలని కార్యవర్గం తీర్మానించింది. వికలాంగ సభ్యుల కోసం ముందు వరసలో కుర్చీలు తీసి చోటు వదలాలన్న సూచన కూడా అమలు చేస్తాం.

డిసెంబరులో వేసిన సినిమాకు మూడో భాగం కూడా వేయాలని పిల్లలు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. అర్జీని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. వేస్తే, ఆటకు ముందు అరగంట మామ్మగారి కథ ఉండాలని అందులో ఒక షరతు రాశారు. మామ్మగారిని అడిగాను. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కడం కష్టం, కింది గదిలో పెడితే వస్తానన్నారు. కింది గది ఉన్న హాలు ఎవరి ఎరుకలోనైనా ఉంటే నెలాఖరులోగా నాకు చెప్పండి.

అభిప్రాయాల పుస్తకాలు రెండూ ఆఫీసు గదిలో బీరువా పై అరలో ఉన్నాయి. తాళం చెవి నా దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి