ఊరి పొలిమేర దాటని బస్సు
డాలస్–ఫోర్ట్‌వర్త్ రీజినల్ ట్రాన్స్‌పోర్టేషన్ కౌన్సిల్ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు నమస్కారాలు.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సోషల్ చెప్పి రిటైరైన మాస్టారిని. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్లుండటానికి నేనూ మా ఆవిడా వచ్చాం. ఈ ఊళ్లో బస్సు లేని ఇబ్బంది గురించి నాకు బాగా వచ్చిన భాషలో రాస్తున్నాను. మా అమ్మాయి దీన్ని ఇంగ్లీషులో రాసి మీ ఆఫీసుకు పంపుతుంది.

పాత అలవాటు కొద్దీ ఇక్కడా మ్యాపు ముందేసుకుని కూర్చుంటాను. జనాభా లెక్కల వాళ్లు 11 కౌంటీలను, అంటే మా జిల్లాల్లాంటి వాటిని, కలిపి ఒకే మహానగర ప్రాంతం అన్నారు. సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు, అంటే మా ఉమ్మడి గుంటూరు జిల్లాకు రెండింతల పైమాట. 2020 లెక్కల్లో 76 లక్షల జనం. అయితే ఆ జనం ఎటు పెరుగుతున్నారో చూడండి. 1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేల పైచిలుకు. 2020కి రెండు లక్షలు దాటింది. ఫ్రిస్కో ఉన్న కాలిన్ కౌంటీ మొత్తం జనాభా ఆ ముప్పై ఏళ్లలో నాలుగింతలైంది. అలా వచ్చి స్థిరపడిన వాళ్లలో మా తెలుగు పిల్లలు చాలామంది. వాళ్లను చూడటానికి మాలాంటి అమ్మానాన్నలు వస్తూ పోతూ ఉంటారు.

పొద్దున్నే పిల్లలు ఆఫీసుకు వెళ్లాక మేం ఇంట్లోనే. ఊళ్లోనే హనుమంతుడి గుడి ఉంది, కానీ మా ఆవిడ శనివారం దాకా ఆగాలి. పక్కనున్న ప్లేనోలో రైలు ఉంది, ఆ స్టేషన్‌కి చేరాలన్నా కారే కావాలి. ముందుగా బుక్ చేసుకుంటే పెద్దవాళ్ల కోసం వచ్చే బండి ఉంది, కాదనను. కానీ రోడ్డు మీద నిలబడితే వచ్చే బస్సు వేరు. దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లకు కూడా అదే కదా కావాల్సింది.

కారణం అడిగి తెలుసుకున్నాను. డాలస్ ప్రాంతంలో బస్సులు, రైళ్లు నడిపేది 1983లో పుట్టిన డార్ట్ సంస్థ. అందులో సభ్యత్వం ఉన్నవి కొన్ని ఊళ్లే. ఫ్రిస్కో, దాని చుట్టుపక్కల ఊళ్లైన మెకిన్నీ, ఆలెన్ అందులో లేవు. స్థానిక అమ్మకం పన్ను రెండు శాతం మించకూడదని రాష్ట్ర చట్టం. డార్ట్‌లో చేరాలంటే అందులో ఒక శాతం ఇవ్వాలి. ఫ్రిస్కో ఆ ఒక శాతాన్ని ఊరి అభివృద్ధికి కేటాయించుకుంది. చిన్న ఊరుగా ఉన్నప్పుడు చేసిన ఏర్పాటు అది, నేను తప్పు పట్టను. కానీ రెండు లక్షల ఊరికి అదే లెక్క సరిపోదు.

మీ కౌన్సిల్‌ని కూడా ఇక్కడ ఆర్టీసీ అనే అంటారని తెలిసి సంతోషమేసింది. మా ఆర్టీసీ బస్సు తెనాలిలో ఎక్కితే కృష్ణ దాటి బెజవాడలో దిగుతాం. జిల్లా మారిందని దారిలో ఎవరూ దింపేయరు.

ఫెడరల్ రవాణా నిధులు ఏ పనులకు వెళ్లాలో తేల్చేది మీరు. మీ ప్రణాళిక ఒక ఊరికి కాదు, జనాభా లెక్కల వాళ్ల 11 కన్నా ఒకటి ఎక్కువగా 12 కౌంటీలకు. డాలస్, ఫోర్ట్‌వర్త్ ఏళ్ల తరబడి పోట్లాడుకుని కూడా, చివరికి రెండు కౌంటీల హద్దు మీద ఉమ్మడి విమానాశ్రయం కట్టుకున్నాయి. 1974 నుంచి అది నడుస్తోంది. అంత పని చేసిన వాళ్లకు ఒక బస్సు కష్టం కాదు.

పూర్తి సభ్యత్వం లేని ఊళ్లు కూడా తమ వాటా ఇచ్చి బస్సు నడుపుకునే దారి ఆయా నగరాలతో కూర్చుని తేల్చండి. ముందుగా ఫ్రిస్కో నుంచి ప్రెస్టన్ రోడ్డు మీదుగా ప్లేనోలోని పార్కర్ రోడ్డు స్టేషన్ దాకా ఒక్క బస్సు వేయించండి. గంటకొకటైనా చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు
తెనాలి, ప్రస్తుతం ఫ్రిస్కో