అది చాదస్తం కాదు

సంపాదకులకు నమస్కారం.

చెప్పులు వరుసగా పెట్టుకుంటే చాలు, ‘నీకు ఓసీడీ రా’ అని నవ్వుకోవడం ఈమధ్య మామూలైపోయింది. ఓసీడీ అంటే వద్దన్నా అవే అనుమానాలు వస్తూ, చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. ఆ మాట వింటే నాకు మా తమ్ముడే గుర్తొస్తాడు. బాయికాడ మోటారు స్టార్టర్ బందు చేసి ఇంటికొస్తాడు. కాళ్లు కడుక్కునేలోపే అనుమానం. మళ్లీ పోతాడు. కళ్లారా చూసినా, చేత్తో తడిమినా మనసొప్పదు. ఓసారి పెళ్లికని హైదరాబాద్ బస్సెక్కినవాడు నార్కట్‌పల్లిలో దిగి వెనక్కొచ్చాడు.

“బందు చేసిన్నా అన్నా?” అని రాత్రి పదిసార్లు అడిగేవాడు. “చేసినవ్ తియ్యి, పండుకో” అని పదిసార్లూ చెప్పేవాళ్లం. ఆ ధైర్యం చెప్పడమే జబ్బుకు మేత అని డాక్టరు చెప్పేదాకా తెలియదు. చాదస్తమన్నాం, గాలి సోకిందన్నాం, తాయెత్తు కట్టించాం. ఐదేళ్లు పోయాయి. తీరా ఫ్లూఆక్సెటిన్ రాసిస్తే, ‘అవి నిద్రగోళీలు’ అని ఎవరో అన్నారని మూడో వారంలోనే ఆపించాం. ఓసీడీకి ఆ మందు గుణం తెలియాలంటే సరైన మోతాదులో రెండు మూడు నెలలు పడుతుందట. ఆ తప్పు మాదే.

మందుతోపాటు ప్రవర్తన చికిత్స ఉంది. స్టార్టర్ ఒక్కసారే బందు చేసి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. గుండె దడదడలాడినా కూర్చోవాలి. భయం మెల్లగా దానంతటదే దిగుతుంది. చిన్న భయంతో మొదలుపెట్టి పెద్దదాకా ఇలాగే. అడిగితే మేం జవాబు చెప్పొద్దు. మా అమ్మకు అదే గండం. కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. ఇప్పుడు తమ్ముడు రెండోసారి చూసొచ్చి ఆగుతున్నాడు.

దీనికి శిక్షణ ఉన్న సైకాలజిస్టు కావాలి. మేమైతే వారం వారం వంద కిలోమీటర్లు హైదరాబాద్ పోయొచ్చాం. కూలీ పోగొట్టుకుని ఎందరు పోగలరు? ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటలకు మెడికల్ కాలేజీలొచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో వారానికి ఒక్కరోజైనా ఈ చికిత్స కచ్చితంగా దొరికేలా, ఫలానా రోజని బోర్డు మీద రాసిపెట్టేలా అధికారులు చూడాలి. మందుల చీటీ రాసి పంపితే సరిపోదు.

మీకూ ఒక విన్నపం. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. దాన్ని జిల్లా పేజీలో ఒక మూల రోజూ వేయగలరా?

– ఒక అన్న, నల్లగొండ జిల్లా