ట్రాక్‌కి వెళ్ళే తమ్ముళ్ళూ, ముందు బ్రేకులు చూసుకోండి, పవర్ సంగతి తర్వాత

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో మన హైదరాబాద్ కుర్రాళ్ళు వీకెండ్ వస్తే సొంత కార్లేసుకుని చెన్నై దగ్గర రేస్ ట్రాక్‌కి వెళ్తున్నారని ఒక స్టోరీ వేశారు. చాలా సంతోషం అనిపించింది, ఎందుకంటే మన పేపర్లలో కార్లంటే కొత్త మోడల్ రేటెంత, మైలేజీ ఎంత అన్నదే తప్ప ఇలాంటివి ఎవరూ రాయరు. కానీ అందులో అంతా రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) కొట్టిస్తే ఎంత పవర్ పెరిగింది, ఎగ్జాస్ట్‌కి ఎంతయింది, స్ట్రెయిట్‌లో ఎంత స్పీడ్ లాగారు అన్నదే ఉంది, బ్రేకుల గురించి ఒక్క లైను కూడా లేదు. ఆ లైను కోసమే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా పూర్తిగా వేస్తారని ఆశ.

తెలియని వాళ్ళకి ఒక మాట, ట్రాక్ డే అంటే రేస్ కాదు. ఎవరూ ఎవర్నీ ఓడించేది ఉండదు, డబ్బు కట్టి హెల్మెట్ పెట్టుకుని, రోజూ ఆఫీసుకి వెళ్ళే కారుతోనే బ్యాచుల వారీగా ట్రాక్ మీద కాసేపు తిప్పుకోవడం, అంతే. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఇరుంగాట్టుకోట్టై, శ్రీపెరంబుదూర్ పక్కన బెంగళూరు హైవే మీద ఉంటుంది, 1990లో మొదలైన ట్రాక్, ఒక ల్యాప్ 3.7 కిలోమీటర్లు. ఇంకా కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది కానీ అది మనకి మరీ దూరం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు వచ్చిన జనాన్ని చూస్తేనే మనవాళ్ళకి ఈ పిచ్చి ఎంతుందో తెలిసిపోయింది. అర్ధరాత్రి ఓఆర్ఆర్ మీద స్పీడ్ చూసుకునే బదులు ట్రాక్‌కి వెళ్ళడం వంద రెట్లు మంచిది, అది నేను ఎవరికైనా చెప్తాను. రోడ్డు మీద రేసు కడితే మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 189 కింద కేసు అవుతుంది, అది పక్కన పెట్టినా అక్కడ ఎదురుగా వచ్చేది ఎవరి కుటుంబమో కదా.

అయితే రోడ్డుకి సరిపోయే కారు ట్రాక్‌కి సరిపోతుందనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది. ఒక లెక్క చెప్తాను. 1200 కిలోల కారు సిటీలో 60 నుంచి ఆగిందంటే బ్రేకులు దాదాపు 167 కిలోజౌళ్ళ శక్తిని వేడిగా మార్చాలి. అదే కారు ట్రాక్ మీద 140లో వచ్చి టర్నింగ్ కోసం 60కి దిగిందంటే 740 కిలోజౌళ్ళు, అంటే నాలుగు రెట్ల పైనే, స్పీడ్ డబుల్ అయితే శక్తి నాలుగింతలు అవుతుంది కాబట్టి. పైగా సిటీలో ఒకసారి ఆగాక సిగ్నల్ దగ్గర బ్రేకులు చల్లారతాయి, ఇక్కడ కొన్ని సెకన్లకే ఇంకో టర్నింగ్, మళ్ళీ ఇంకోటి, ల్యాప్ తర్వాత ల్యాప్ అదే పని. ఆ వేడి చక్రంతో తిరిగే డిస్క్ నుంచి దాన్ని పట్టుకునే ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి దాన్ని నొక్కే క్యాలిపర్ పిస్టన్‌కి, అక్కడి నుంచి లోపలి బ్రేక్ ఫ్లూయిడ్‌కి, అంటే పెడల్ ఒత్తిడిని చక్రానికి మోసే ద్రవానికి ఎక్కుతుంది. ఇంజిన్‌కి పవర్ పెంచారంటే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది, అందుకే రీమ్యాప్ గొప్పలు మాత్రమే రాసిన స్టోరీ చూసి నాకు ఉండబట్టలేదు.

ఆ మధ్య ప్యాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోట, నిజాంపేట కుర్రాడు ఒకడు బండి లోపలికి తెచ్చి ఆపాడు, ముందు రెండు చక్రాల్లోంచి పొగ, ముక్కు పగిలే కాలిన వాసన. దిగీ దిగగానే "అన్నా, పెడల్ నేలకి వెళ్ళిపోయింది, మూడు నాలుగు సార్లు కొడితే గానీ పట్టలేదు" అన్నాడు, చేతులు వణుకుతున్నాయి. సర్వీస్ ఎప్పుడు చేయించావంటే వారం కిందటే అని ఫోన్లో బిల్లు చూపించాడు. అందులో ఏముందంటే "బ్రేక్ ఫ్లూయిడ్ టాప్అప్". టాప్అప్ అంట! ఫ్లూయిడ్ లెవెల్ తగ్గిందంటే చాలాసార్లు ప్యాడ్లు అరిగాయని గుర్తు, అరిగిన కొద్దీ పిస్టన్ బయటికొస్తుంది, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ దిగుతుంది, అదీ కాకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. ప్యాడ్లు చూడకుండా, లీకు వెతక్కుండా పైన కొత్తది పోసి పంపించేస్తే పాతదంతా క్యాలిపర్లో అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ అందరికీ అర్థం కావాల్సిన విషయం ఒకటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, రిజర్వాయర్ (ఫ్లూయిడ్ డబ్బా) మూత దగ్గర్నుంచి, రబ్బరు హోసుల గోడల్లోంచి కూడా. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ లిమిట్ 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే ఇంకా తక్కువ, 205 నుంచి 140కి. డాట్ 5.1 అయితే కొత్తది 260, తేమ పట్టింది 180. మరిగిందంటే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి, ఫ్లూయిడ్ నొక్కుకుపోదు కానీ ఆవిరి నొక్కుకుపోతుంది, అంటే మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది, చక్రం దగ్గరికి ఏమీ చేరదు. ఆ కుర్రాడికి జరిగింది ఇదే. రోడ్డు మీద రెండేళ్ళయినా ఏమీ తెలియదు, ట్రాక్ మీద కొన్ని ల్యాపుల్లో బయటపడుతుంది.

ఇంకో రకం ఫెయిల్ ఉంది, అందులో పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. అది ప్యాడ్ మెటీరియల్ తట్టుకోలేని వేడికి వెళ్ళిపోయినప్పుడు. పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్, గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్, ఈ తేడా తెలిసినవాడు దేనికి డబ్బు పెట్టాలో తనే తేల్చుకుంటాడు.

ఫ్లూయిడ్ మార్చడం పెద్ద ఖర్చేం కాదు, మామూలు డాట్ 4 అయితే సీసాకి కొన్ని వందలే. కానీ దగ్గరుండి చేయించుకోండి. పాత ఫ్లూయిడ్, గాలి బయటికి తీసే బ్లీడింగ్ నిపుల్‌కి ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టమనండి, పాతది డికాషన్ రంగులో దిగుతుంది, లేత పసుపు రంగులో బుడగ లేకుండా వచ్చేదాకా ఆపనివ్వకండి, నాలుగు చక్రాలకీ చేయాలి. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ అయిందా ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసేది) యూనిట్లోకి గాలి వెళ్ళిపోతుంది, అప్పుడు స్కానర్ పెట్టి తీయాల్సి వస్తుంది, కాబట్టి ఒక మనిషి రిజర్వాయర్ దగ్గరే ఉండాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడమనండి. డాట్ 5 అని రాసుంటే మాత్రం ముట్టుకోకండి, అది సిలికాన్ది, దీంతో కలవదు, 5.1 వేరు అది వేరు. ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది.

ప్యాడ్లు సగానికంటే తక్కువుంటే మార్చేసి వెళ్ళండి. సన్నబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా పిస్టన్‌కి పంపిస్తుంది. అలాగని అసలు రేసు ప్యాడ్లు వేయించుకోవడం కూడా తప్పే, అవి చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దిగేటప్పుడు తెలుస్తుంది. రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యలో ఉండేవి దొరుకుతాయి, కొంచెం కీచుమంటాయి, రిమ్ముల మీద నల్ల పొడి పడుతుంది, భరించాలి. కొత్త ప్యాడ్ వేసి నేరుగా ట్రాక్‌కి వెళ్ళకూడదు, ముందు ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేనప్పుడు 80 నుంచి 20కి ఒక ఎనిమిది పది సార్లు గట్టిగా తగ్గించాలి, మధ్యలో పూర్తిగా ఆపకూడదు, తర్వాత బ్రేకు ముట్టుకోకుండా కాసేపు తిప్పి చల్లార్చాలి. ఇక డిస్క్ మీదే, అంచునో మధ్య గిన్నె భాగంలోనో, కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది, మైక్రోమీటర్‌తో కొలిపించండి, దానికి దగ్గరగా ఉంటే మార్చేయండి. ముందు చక్రాల దగ్గర రబ్బరు హోసు వంగే చోట చేత్తో వంచి చూడండి, పగుళ్ళుంటే అదీ మార్చాలి. వెనక డ్రమ్ములున్న బండి అయితే లైనర్లు అడ్జస్ట్ చేయించండి, పెడల్ పైకొస్తుంది.

సస్పెన్షన్ విషయంలో మనవాళ్ళ ఆలోచన ఒకటే, బండిని కిందకి దించడం. గ్యారేజీలో స్ప్రింగ్ కోయించుకుని వచ్చిన బండ్లు నేను చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. కోసిన స్ప్రింగ్ సీటులో సరిగ్గా కూర్చోదు, చక్రం గాల్లోకి లేస్తే వదులైపోతుంది, కిందకి వెళ్ళడానికి ట్రావెల్ ఉండదు కాబట్టి టర్నింగ్ మధ్యలో బంప్‌స్టాప్‌కి (చివర్లో అడ్డంగా ఉండే రబ్బరుకి) కొట్టుకుంటుంది, కొట్టుకున్న క్షణంలో టైరు పట్టు వదిలేస్తుంది. ఇంకో సంగతి, మన స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటివాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జారూ కలిపి ఉండేది) కదా, మరీ దించితే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చక్రం వైపు కొస పైకి లేస్తుంది, దాంతో రోల్ సెంటర్, అంటే బండి ఏ పాయింట్ చుట్టూ పక్కకి వాలుతుందో అది, బండి దిగినదానికన్నా ఎక్కువ కిందకి పడిపోతుంది. టర్నింగ్‌లో వాలకూడదని దించితే అది ఇంకా వాలడానికే చూస్తుంది. డబ్బులుంటే జతగా చేసిన స్ప్రింగులు, షాకబ్జార్లు వేయించుకోండి, అది కూడా చివర్లో, మిగతావన్నీ అయ్యాక.

ముందు చేయాల్సింది ఉన్నదాన్ని బాగుచేసుకోవడం. మన స్పీడ్ బ్రేకర్లు, గుంతల మీద 70-80 వేల కిలోమీటర్లు తిరిగిన బండికి కంపెనీ షాకబ్జార్లే కొత్తవి వేస్తే కొత్త బండిలా నిలబడుతుంది. లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, స్ట్రట్ పైన మౌంటింగులు, వీల్ బేరింగులు, ఇవన్నీ జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే, పక్కల నుంచి పట్టి ఊపితే తెలిసిపోతాయి. బుష్ పోయిన బండి బ్రేకు కొట్టగానే ఒక పక్కకి లాగుతుంది, ఆ స్పీడ్‌లో అలా లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తర్వాతే అలైన్‌మెంట్. కంప్యూటర్లో అన్నీ గ్రీన్ వచ్చాయి సార్ అంటే సరిపోదు, ప్రింట్ తీసుకుని రెండు వైపులా క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ముందు టైర్ల బయటి అంచు ఒక్కటే తినేస్తోందంటే ఇంకొంచెం నెగిటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండడం, కావాలని, దానికి క్యాంబర్ బోల్టులు ఉంటాయి.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంతున్నా ముసలి టైరుతో వెళ్ళొద్దు.

ట్రాక్ దగ్గర పాటించాల్సినవి కూడా చెప్తాను. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో ఉన్న లెక్కకి బిగించి, మొదటి బ్యాచ్ అయ్యి రిమ్ములు చల్లారాక మళ్ళీ చెక్ చేయండి. టైర్లో గాలి వేడికి పెరుగుతుంది, దిగిన వెంటనే కొలిచి కొంచెం తగ్గించండి, తిరుగు ప్రయాణం ముందు మళ్ళీ నింపడం మర్చిపోవద్దు. ఆఖరి ల్యాప్ నెమ్మదిగా, బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ రండి. ప్యాడాక్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, వేడి ప్యాడ్ ఒకేచోట డిస్క్‌ని పట్టుకుని ఉంటే అక్కడ మచ్చ పడుతుంది, తర్వాత బ్రేకు కొట్టినప్పుడల్లా బండి వణుకుతుంది, గేర్లో పెట్టి చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి చాలు. పెడల్ కొంచెం కిందకి వెళ్ళినట్టు అనిపిస్తే ఆ రోజుకి ఆపేయండి, కట్టిన డబ్బు పోతే పోయింది. మనవాళ్ళకి ఇదింకా ముఖ్యం, ఎందుకంటే అదే ప్యాడ్లతో అదే ఫ్లూయిడ్‌తో నెల్లూరు, ఒంగోలు మీదుగా ఆరొందల కిలోమీటర్ల పైనే ఇంటికి రావాలి, అదీ చాలామంది రాత్రిపూట నిద్ర కళ్ళతో. స్పేర్ ప్యాడ్ల సెట్టు, ఒక సీల్ తీయని ఫ్లూయిడ్ సీసా డిక్కీలో ఉండాల్సిందే.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చాలామందికి తెలీదు. మామూలు మోటార్ పాలసీలో ఆర్గనైజ్డ్ రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వాడితే వర్తించదని రాసి ఉంటుంది, కాబట్టి ట్రాక్ మీద గుద్దితే సొంత జేబే అనుకుని వెళ్ళాలి. బండిని రూల్స్ ఒప్పుకోని విధంగా మార్చి రోడ్డు మీద తిప్పితే మోటార్ వెహికల్స్ యాక్ట్ 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఫ్లూయిడ్, ప్యాడ్లు, బుష్షుల్లో కంపెనీ చెప్పిన లెక్కకి సరిపోయేవి వేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ఈ ట్రాక్ డేలు పెట్టే క్లబ్బుల వాళ్ళకి మీ పేపర్ ద్వారా ఒక విన్నపం. గేటు దగ్గర హెల్మెట్ చూస్తున్నారు, ఆయిల్ లీకులు చూస్తున్నారు, మంచిదే. దాంతోపాటు ఫ్లూయిడ్ మార్చిన బిల్లు అడగండి, ప్యాడ్ మందం రిమ్ములోంచి టార్చ్ వేసి చూడండి, బండికి రెండు నిమిషాలు పట్టదు. లేనివాళ్ళకి అక్కడే డబ్బు తీసుకుని బ్లీడింగ్ కొట్టే మెకానిక్‌ని ఒకర్ని కూర్చోబెట్టండి, సంతోషంగా కడతారు.

ఎడిటర్ గారూ, ఈసారి మీ రిపోర్టర్‌ని అక్కడికి పంపినప్పుడు మొదటి బ్యాచ్ లోపలికి వచ్చేదాకా ఉండమనండి. బానెట్లు ఎత్తి చూపించే వాళ్ళ దగ్గర కాకుండా చక్రాల దగ్గర నిలబడి, ఎవరి ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో ఒక్కొక్కరిని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు వేయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్