లీడ్ బ్యాంక్ జిల్లా మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా గుంటూరు పట్నంబజారులో క్యూఆర్ కోడ్ లేని కొట్టు కనపడదు. ఆ కోడ్ ద్వారా వచ్చే వసూళ్లు చూసి యాప్‌లవాళ్లు ఇట్టే అప్పిస్తున్నారు. "నెలకు రెండు శాతమే" అంటే మామూలు రెండు రూపాయల వడ్డీ అనుకుని మావాళ్లు ఒప్పేసుకుంటున్నారు. లక్ష అప్పుకు అసలు, వడ్డీ కలిపి ఏడాదిపాటు నెలకు 10,333 చొప్పున కడితే, తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ పడుతున్నట్టే. నిజమైన రేటు ఏటా 40 శాతం దాటుతుంది!

2024 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారుల టర్మ్ లోన్లకు (గడువులోగా వాయిదాల్లో తీర్చే అప్పులకు) కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాలుండే కాగితం, ఇవ్వాలని, అదీ అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక బజారులోనే ఒక శిబిరం పెట్టించండి. ఆ కాగితంలో ఏపీఆర్, అంటే ఖర్చులన్నీ కలిపి ఏటా పడే నిజమైన రేటు, ఎక్కడుంటుందో కొట్లు చూసుకునే కుర్రాళ్లకు, గుమాస్తాలకు చూపించండి. షామియానా మేం వేయిస్తాం.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి